నమ్మకం పెద్దలది... ప్రాణం పిల్లలది

బాబు వయసు పదహారు నెలలు. ఒళ్లు కాలిపోయే జ్వరం. 1977 వేసవి, అమెరికాలోని డెట్రాయిట్ నగరం. తల్లి రీటా స్వాన్ ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన విద్యావంతురాలు. భార్యాభర్తలిద్దరూ క్రిస్టియన్ సైన్స్ శాఖను నమ్మినవాళ్లు. 1879లో మేరీ బేకర్ ఎడ్డీ నెలకొల్పిన ఆ శాఖ దృష్టిలో రోగమన్నది భ్రమ. దాన్ని పోగొట్టాల్సింది ప్రార్థనే తప్ప మందులు కాదు. అందుకే డాక్టర్‌కు చూపించకుండా, ప్రార్థనతో నయం చేసే ‘ప్రాక్టీషనర్’ను ఆశ్రయించారు. రోజులు గడిచాయి. జ్వరం తగ్గలేదు సరికదా, బిడ్డ పరిస్థితి చేయి దాటుతోంది.

ఆ శాఖలో ఒక వెసులుబాటు ఉంది. ఎముక విరిగితే మాత్రం డాక్టర్‌తో కట్టు కట్టించుకోవచ్చు. మెడ ఎముక విరిగిందేమోనని ప్రాక్టీషనరే అనడంతో, ఆ మాట పట్టుకుని ఇద్దరూ ఆస్పత్రికి పరుగెత్తారు. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. బిడ్డకు వచ్చింది బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచే మెనింజైటిస్. వైద్యం మొదలైంది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వారం రోజులకు బాబు చనిపోయాడు. కన్నబిడ్డను డాక్టర్‌కు చూపించడానికి ఆ తల్లికి ఒక సాకు కావాల్సి వచ్చింది!

ఇలాంటి కథ వినగానే ‘వాళ్లసలు తల్లిదండ్రులేనా?’ అనేస్తాం. నాకు మాత్రం అలా అనాలనిపించదు. ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. మందు ముట్టుకుంటే దేవుడి మీద నమ్మకం పోయినట్టేనన్న భయం ఆ ప్రేమ చేతులు కట్టేసింది. ఆ కట్లు విప్పాల్సిన చట్టం ఏం చేసిందో తెలిస్తే మనసు రగిలిపోతుంది.

నిజానికి అమెరికా సుప్రీంకోర్టు 1944లోనే తేల్చి చెప్పింది. మతం కోసం పెద్దలు తమ ప్రాణాలు ఇచ్చుకోవచ్చు గానీ, పిల్లలను బలిపెట్టే స్వేచ్ఛ వాళ్లకు లేదని దాని సారాంశం. అయినా 1974లో పిల్లల రక్షణ కోసమే చట్టం తెచ్చిన కేంద్ర ప్రభుత్వం, దాని కింద నిధులు కావాలంటే ప్రార్థన వైద్యాన్ని నమ్మే తల్లిదండ్రులకు మినహాయింపు ఇవ్వాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. 1983లో ఆ షరతు తీసేసింది. కానీ రాష్ట్రాల చట్టాల్లోకి ఎక్కిన మినహాయింపులు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి.

ఆ ఏడాదే స్వాన్ దంపతులు ఈ మినహాయింపులపై పోరాడేందుకు ఒక సంస్థ పెట్టారు. తర్వాత పిల్లల డాక్టర్ సేథ్ ఆసర్‌తో కలిసి రీటా, 1975 నుంచి 1995 దాకా మత నమ్మకాల వల్ల వైద్యం అందక చనిపోయిన 172 మంది పిల్లల వివరాలు కూడగట్టారు. 1998లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అవి అచ్చయ్యాయి. వాళ్లలో 140 మందికి వచ్చినవి, వైద్యం చేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికే జబ్బులే. ఒరెగాన్ రాష్ట్రం 2011లో మినహాయింపును పూర్తిగా రద్దు చేసింది. పక్కనున్న ఐడహోలో మాత్రం దాన్ని తొలగించాలన్న ప్రయత్నాలు ఫలించలేదు.

ఊహ తెలిసిన పిల్లల దగ్గర చిక్కు ఇంకో రకం. రక్తం ఎక్కించుకోవడాన్ని యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్లు ఒప్పుకోరు. బ్రిటన్‌లో ఆ శాఖకు చెందిన పదిహేనేళ్ల అబ్బాయికి లుకేమియా వచ్చింది. రక్తం వద్దని తనే గట్టిగా చెప్పాడు. జడ్జి అలన్ వార్డ్ స్వయంగా ఆస్పత్రికి వెళ్లి అతనితో మాట్లాడారు. తెలివైన పిల్లాడే అయినా తన చావు ఎలా ఉంటుందో పూర్తిగా ఎరగడని గ్రహించి, రక్తం ఎక్కించమని తీర్పు ఇచ్చారు. అతను పద్దెనిమిదేళ్లు నిండాక మళ్లీ వద్దన్నాడు, చనిపోయాడు. ఆ ముగింపు బాధ కలిగిస్తుంది. అయినా జడ్జి చేసింది సరైన పనేనని నా అభిప్రాయం. మేజర్ అయ్యాక తన ప్రాణం గురించి తను నిర్ణయించుకున్నాడు. అంతవరకు అతన్ని బతికించి ఉంచడం పెద్దల బాధ్యత.

మన దగ్గర ఈ సమస్య ఒక్క మతానిది కాదు. ఒంటిమీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందని మందు మాన్పించడం, పసిరికలకు చేతిమీద వాత పెట్టించడం, ఫిట్స్ వస్తే తాయెత్తు కట్టించడం, స్వస్థత సభలో ప్రార్థన చేయించి మాత్రలు పారేయడం... అన్నిటా నష్టపోయేది పిల్లలే. 2015 బాలల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, సంరక్షణలో ఉన్న బిడ్డను తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేస్తే మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. అందులో ప్రార్థన వైద్యానికి మినహాయింపేమీ లేదు.

అయితే జైలు భయం ఒక్కటే చాలదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కలు వేస్తే పిల్లలకు సంతానం కలగదన్న పుకారుతో చాలా ముస్లిం కుటుంబాలు తలుపులు వేసుకునేవి. ఆ తలుపులు తెరిపించడంలో మత పెద్దల పాత్ర చాలా ఉంది. మసీదు మైకుల్లో చుక్కలు వేయించమని పిలుపులు వినిపించాయి. ఇమాములు టీకా బృందాలకు అండగా నిలిచారు. 2009లో 741 పోలియో కేసులు నమోదైన దేశంలో 2011 జనవరి తర్వాత సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు.

అందుకే పాస్టర్లకు, పూజారులకు, ఇమాములకు, స్వామీజీలకు చేతులు జోడించి ఒక్కటే అడుగుతున్నా. జబ్బుపడ్డ బిడ్డను మీ దగ్గరికి తెస్తే, ‘ముందు ఆస్పత్రికి వెళ్లండి, ప్రార్థన అక్కడికే వచ్చి చేస్తాం’ అనండి. మీ మాట వాళ్లు వింటారు. ఏ ఇంట్లోనైనా బిడ్డకు వైద్యం అందనివ్వడం లేదని తెలిస్తే ఇరుగుపొరుగు వాళ్లు 1098కి ఫోన్ చేయాలి. అది చైల్డ్ హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.