సర్వీసు వేగం డబ్బాలో దొరకదు

టెన్నిస్‌లో ఆటగాడు పూర్తిగా తన అదుపులో ఉంచుకుని కొట్టగలిగేది సర్వీసు ఒక్కటే. దాని వేగమంతా భుజబలం వల్లనే వస్తుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతోనే కొందరు కుర్రాళ్లు వ్యాయామశాలలో భుజాలు పెంచుకుంటారు, పొడి డబ్బాలకు డబ్బు పోస్తారు. క్రీడా విజ్ఞానం చెబుతున్నది వేరు.

సర్వీసుకు శక్తి నేల నుంచి వస్తుంది. మోకాళ్లు వంచి పాదాలతో నేలను తన్నినప్పుడు పుట్టిన బలం తుంటికి, నడుముకు, భుజానికి, మోచేతికి పాకి, చివరకు మణికట్టు మీదుగా రాకెట్‌కు చేరుతుంది. చెర్నాకోల పిడిని కాస్త విసిరితే కొస చెళ్లుమన్నట్టే ఇదీ. అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు బెన్ కిబ్లర్ 1995లో వేసిన లెక్క ప్రకారం ఈ శక్తిలో సగానికి పైగా కాళ్లు, తుంటి, మొండెం నుంచే వస్తుంది. అక్కడ 20 శాతం తగ్గితే, బంతికి అదే బలం అందించడానికి భుజం 34 శాతం అధిక వేగంతో తిరగవలసి ఉంటుంది. గాయాల గుట్టు ఇక్కడే ఉంది. బంతిని కొట్టిన తరువాత దూసుకుపోయే చేతికి పగ్గం వేసేవి భుజం వెనుక ఉండే చిన్న కండరాలు. కాళ్లు చేయని పని వాటి నెత్తిన పడితే అవి దెబ్బతింటాయి.

ఎత్తు కూడా కలిసి వస్తుంది. 2016లో డేవిస్ కప్ పోటీలో గంటకు 253 కిలోమీటర్ల వేగంతో సర్వీసు చేసిన అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్ ఎత్తు 208 సెంటీమీటర్లు. ఆ ఎత్తును ఏ పొడీ ఇవ్వలేదు.

ఇక పొడుల సంగతి. క్రియాటిన్ కండరాలలో నిల్వ ఉండి, క్షణాలలో ముగిసే తీవ్ర శ్రమకు ఇంధనం అందిస్తుంది. బరువులెత్తేవారికి దానితో ప్రయోజనం ఉన్నమాట నిజమే. అయితే టెన్నిస్ ఆటగాళ్లకు ఐదు వారాలు ఇచ్చి చూసి, 2006లో ఫలితాలు ప్రకటించిన పరిశోధకులకు సర్వీసు వేగంలో పెరుగుదల కనిపించలేదు. కాఫీలోని కెఫీన్‌ను 2004లో నిషేధిత జాబితా నుంచి తొలగించారు. అది చురుకుదనం ఇస్తుంది, మోతాదు మించితే చేతులు వణికిస్తుంది. మన ఎండల్లో ఆడేవారికి వీటన్నిటికన్నా నీరు, ఉప్పు, తగినంత అన్నం ముఖ్యం.

అసలు భయం డబ్బా మీద రాయని పదార్థాలతోనే. బ్రెజిల్ క్రీడాకారిణి బీట్రిజ్ హద్దాద్ మాయా 2019లో పరీక్షలో దొరికిపోయింది. ఆమె వాడిన సప్లిమెంట్ కలుషితమైనదని తేలినా పది నెలల నిషేధం తప్పలేదు. 2024లో పోలెండ్ తార ఇగా స్వియాటెక్ నిద్ర కోసం వేసుకున్న మెలటోనిన్‌లోనూ నిషేధిత మందు కలిసి ఉంది. ఆమెకు నెల రోజుల శిక్ష పడింది. ఒంట్లో ఏది దొరికినా దానికి క్రీడాకారులదే బాధ్యత అన్నది డోపింగ్ నియమం.

నిషేధిత జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. 2016లో ఆ తేదీన జాబితాకెక్కిన మెల్డోనియం అనే మందును అంతకు ముందు ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన మరియా షరపోవా, ఆ నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జరిపిన పరీక్షలో పట్టుబడి 15 నెలలు ఆటకు దూరమైంది.