ముందు జవాబు, తర్వాత ప్రోగ్రాం

మన హాస్టల్ నుండి వెళ్లి కంప్యూటర్ కోర్సులో చేరిన తొలి ఏడాది మేము ఒక పొరపాటు చేశాము. ప్రోగ్రాములు నేర్చుకొనే తమ్ముళ్లకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

రెండు పరీక్షల మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం సి భాషలో రాశాము. 35, 36 ఇస్తే తెరపై 35 వచ్చింది. అదే ల్యాబ్ రికార్డులో ఎక్కించి సంతకం చేయించుకున్నాము. కాగితం మీద కడితే 35.5 రావాలి! సి భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం తర్వాతిది పోతుంది. పోయిన ఆ అర మార్కును మాలో ఒక్కరమూ గమనించలేదు.

మరి ఒక భాషను తయారుచేసేవారు తమ తప్పులను ఎలా పట్టుకుంటారు? 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పి.హెచ్.పి. భాషనే చూద్దాం. దాని మూలకోడ్‌తో పాటు వేల సంఖ్యలో పరీక్ష ఫైళ్లు ఉంటాయి. ఒక్కో ఫైలులో ముఖ్యంగా మూడు భాగాలు. ‘టెస్ట్’ అంటే దేనిని పరీక్షిస్తున్నామో చెప్పే మాట. ‘ఫైల్’ అంటే నడపవలసిన ప్రోగ్రాం. ‘ఎక్స్‌పెక్ట్’ అంటే రావలసిన జవాబు. వచ్చిన జవాబును రావలసిన జవాబుతో కంప్యూటరే పోల్చి చూస్తుంది. తేడా ఉంటే ఫెయిల్. ఆ తేడా ఏమిటో వేరే ఫైలులో రాసి చూపుతుంది కూడా.

ఫైలు ఉన్న చోటు, లైను నంబరు వంటివి మారుతుంటాయి కదా! వాటికోసం ‘ఎక్స్‌పెక్ట్ ఎఫ్’ అనే భాగం ఉంది. అందులో శాతం గుర్తు పక్కన ‘డి’ రాస్తే ఏ అంకెలైనా, ‘ఎస్’ రాస్తే ఏ అక్షరాలైనా సరిపోతాయి. అయితే అన్నిచోట్లా ‘ఎస్’ పెడితే తప్పు జవాబు కూడా పాసైపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. తెరపై వచ్చినదాన్నే తెచ్చి రావలసిన జవాబుగా రాస్తే, ఆ పరీక్ష ఎప్పుడూ పాసే. తప్పు మాత్రం మా రికార్డులోని 35 లాగా అక్కడే ఉంటుంది. రావలసిన జవాబు లెక్క నుండి, భాష నియమం నుండి రావాలి. ఫెయిలైనప్పుడు కూడా తొందరపడి జవాబును దిద్దకూడదు. తప్పు ప్రోగ్రాంలో ఉందా, మనం రాసిన జవాబులో ఉందా అని మళ్లీ చేత్తో కట్టి చూసుకోవాలి.

తమ్ముళ్లూ! మీకు కంప్యూటర్ దొరికేది కొద్దిసేపే. కానీ ఈ పనికి కాగితం, పెన్ను చాలు. స్టడీ అవర్‌లోనే రావలసిన జవాబు రాసుకొని ల్యాబ్‌కు వెళ్లండి. సీనియర్ల రికార్డు చూసి మాత్రం ఎక్కించకండి. అందులో మా 35 ఇంకా ఉండవచ్చు!