ఏన్గెదీ ఊటయు ఉప్పు సముద్రమును

ఏన్గెదీ యను పేరు మన పాఠశాలలోని బాలబాలికలకు క్రొత్తది కాదు. సౌలు తరుముచుండగా దావీదు దాగిన కొండలు అచ్చటివే యని మొదటి సమూయేలు గ్రంథమున చదివియున్నాము. ఆ పేరునకు మేకపిల్ల ఊట యని యర్థము. దాని యెదుటనే, మన బైబిలులో ఉప్పు సముద్రమని పిలువబడిన సరస్సు కలదు. దానినే మృతసముద్రమని కూడ అందురు. తియ్యని నీరును మిక్కిలి చేదైన నీరును ఇంత చేరువగా నెట్లు కలిగినవో, ఇప్పుడు ఆ స్థలమునకు వచ్చిన యాపద యెట్టిదో తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

యెరూషలేములో చదువుకొను విద్యార్థులు వారాంతమున ఈ స్థలమును చూడబోవుట కలదు. శుక్రవారము సూర్యాస్తమయముతో యూదుల విశ్రాంతిదినము ఆరంభమగును. అది ముగియువరకు ఆ దారిని బస్సులు నడువవు గనుక శుక్రవారము ఉదయముననే బయలుదేరుట మేలు. దారి సుమారు 80 కిలోమీటర్లు. యెరూషలేము సముద్రమట్టమునకు 750 మీటర్ల యెత్తున నున్నది. మృతసముద్రపు ఒడ్డు సముద్రమట్టమునకు 430 మీటర్లకు పైగా దిగువన నున్నది. నడిదారిలో సముద్రమట్టమును తెలుపు గురుతొకటి బాటప్రక్కన నిలిపియున్నారు. దానిని దాటిన పిదపను బండి దిగుచునే యుండును. మంచి సమరయుని ఉపమానములోని బాటసారి యెరికోకు దిగిపోయెనని చెప్పుట మాటవరుసకు కాదు, యథార్థమే. భూమిమీద ఇంతకంటె పల్లమైన ఒడ్డు మరియొకటి లేదు.

ఎడారిలో ఊట యెట్లు పుట్టినది? మధ్యధరా సముద్రమునుండి వచ్చు మేఘములు యూదయ కొండల నెత్తములపై వర్షించి, తూర్పువాలునకు వచ్చుసరికి వట్టిపోవును. అందుచే ఆ వాలు ఎడారి యైనది. కాని కొండలమీద పడిన వాన కొంత సున్నపురాతి పగుళ్లలో నింకి, భూగర్భమున తూర్పునకు ప్రవహించి, ఏన్గెదీ కొండచరియల యొద్ద నాలుగు ఊటలై వెలువడుచున్నది. ఆ నీటిచేతనే అచ్చట చిన్న జలపాతములును రెల్లుపొదలును ఖర్జూరపు చెట్లును కలవు. కొండమేకలు మందలుగా వచ్చి నీరు త్రాగును.

ఇక సరస్సు మాట. యొర్దాను నది దానిలో పడును గాని దానినుండి నీరు వెలికిపోవు త్రోవ లేదు. వచ్చిన నీరు ఎండకు ఆవిరియై పోగా, అది తెచ్చిన లవణములు నిలిచిపోవును. మన తీరమునందలి ఉప్పుమళ్లను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సాధారణ సముద్రజలము నూరు కిలోలలో ఉప్పు సుమారు మూడున్నర కిలోలుండగా, ఈ జలమున సుమారు 34 కిలోలుండును. అందు మనము తిను ఉప్పుకంటె మగ్నీషియము లవణము అధికము గనుక నీరు చేదుగా నుండును. చేపలు బ్రతుకజాలవు. నీరు మిక్కిలి బరువైనది గనుక ఈతరానివాడు కూడ వెల్లకిల తేలును. అయినను బోరగిల పడరాదు, కన్నులలో నీరు పడనీయరాదు.

ఈ సరస్సు పుచ్చుకొనునే గాని ఇయ్యదు, కావుననే మృతమైనదని ప్రసంగములలో వినుచుందుము. ఉప్పు చేరుటకు అది కారణమగుట నిజమే. కాని నేడు దానికి వచ్చిన కీడు వేరు: దానికి రావలసిన నీరే రాకున్నది. 1932లో గలిలయ సముద్రమునుండి యొర్దాను వెడలు చోట ఆనకట్ట కట్టిరి. 1964లో ఇశ్రాయేలు దేశపు గొప్ప నీటికాలువ ఆ సముద్రపు నీటిని దక్షిణమునకు గొనిపోసాగెను. యొర్దాను, సిరియా దేశములును ఉపనదియైన యార్మూకు నీటిని మళ్లించుకొనెను. పూర్వపు ప్రవాహములో పదియవ వంతైనను నేడు సరస్సును చేరుట లేదు. దక్షిణపు కొనను పొటాషు మొదలగు లవణములకై నీటిని ఇంకించు కర్మాగారములును కలవు. అందుచే సరస్సు ఏటికి సుమారు ఒక మీటరు చొప్పున దిగుచున్నది.

దీని ఫలము ఏన్గెదీలో కన్నులకు గట్టును. నీరు వెనుకకు తగ్గినకొలది, ఒడ్డుక్రింద పూర్వమునుండి దాగియున్న ఉప్పుపొరను కొండలనుండి వచ్చు తియ్యని భూగర్భజలము తాకి కరగించుచున్నది. అడుగున గుహ యేర్పడి, పైమన్ను ఒక్కసారిగా కూలును. ఇట్టి గోతులు వేలకొలది పుట్టినవి. ఖర్జూరపు తోటలను విడిచిపెట్టవలసి వచ్చినది. 2015లో ఏన్గెదీకి ఉత్తరముననున్న ఒక స్నానతీరమును మూసివేసిరి. ఊటలకు ప్రాణమైన నీరే ఒడ్డునకు శత్రువైనది.

మళ్లించిన నీరు వ్యర్థము కాలేదు. జనుల దాహమును తీర్చెను, పంటలను పండించెను. అది వలదనుట మాకు ధర్మముగా తోచదు. కాని పైనున్నవారు తమ యవసరమును మాత్రమే కొలుచుకొని, దిగువనున్నదానిని లెక్కకు తేకుండుట తగదు. కాలువ శివారు భూములకు నీరందని బాధ మన విద్యార్థుల తలిదండ్రులలో ననేకులెరుగుదురు. యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథము 47వ అధ్యాయమున, ఉప్పు సముద్రపు నీరు మంచిదగుటయు, ఏన్గెదీ యొద్ద జాలరులు నిలుచుటయు చూచెను. ఆ దర్శనమున సముద్రము బాగుపడుటకు హేతువు పైనుండి దిగివచ్చిన నీరే. మృతసముద్రమును గూర్చి ఇకమీదట ప్రసంగించునపుడు దాని లోభమును మాత్రమే గాక, పైవారి బాధ్యతను కూడ మన బాలురు తలంతురుగాక.