మంచుకొండకు కారు ప్రయాణం

ఫ్రాన్సు దేశంలో బళ్ళకు చలికాలంలో రెండు వారాలు సెలవులిస్తారు. అయితే దేశమంతటికీ ఒకేసారి ఇవ్వరు. దేశాన్ని మూడు మండలాలుగా విభజించి, ఫిబ్రవరి నెల చుట్టూ వంతులవారీగా ఇస్తారు. అందరూ ఒక్కసారే ఆల్ప్స్ పర్వతాలకు బయలుదేరితే అక్కడి దారులూ చాలవు, బసలూ చాలవు!

మీరు వేసవిలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళినట్టే, అక్కడ వీలున్న కుటుంబాలవారు చలికాలంలో మంచుకొండలకు వెళతారు. కాళ్ళకు స్కీలనే పొడుగాటి పలకలు తగిలించుకుని మంచు వాలు మీద జారతారు. ఇది ఖర్చుతో కూడిన సరదా. ఫ్రాన్సులో కూడా అందరికీ వీలుపడదు.

మీ కుటుంబం పారిస్ లో వున్నదనుకోండి. ఈ ఏడు వాల్ తొరాన్స్ కు వెళ్ళాలనుకున్నారు. అది 2,300 మీటర్ల ఎత్తున వున్న స్కీ గ్రామం. పారిస్ నుంచి కారులో 650 కిలోమీటర్లకు పైగా పోవాలి. చేతితొడుగులు, ఉన్నిటోపీలు, మంచు మీది ఎండకు కళ్ళు చెడకుండా నల్లద్దాలు — ఇవన్నీ అమ్మ సర్దుతూనే వుంటుంది. కాని అందరికన్నా ముందు చలికి సిద్ధం కావలసింది కారు!

ఎందుకో చిన్న లెక్క వేసి చూడండి. పర్వతం ఎక్కే కొద్దీ, ప్రతి 1,000 మీటర్లకూ వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పర్వతం అడుగున మూతియే అనే ఊరు 480 మీటర్ల ఎత్తున వున్నది. అక్కడి నుంచి పైకి 1,820 మీటర్లు. అంటే దాదాపు 12 డిగ్రీల తేడా అన్నమాట. మూతియేలో 6 డిగ్రీలుండి వాన పడుతుంటే, పైన సున్నకు 6 డిగ్రీలు తక్కువై మంచు కురుస్తూ వుంటుంది. వానలో బయలుదేరిన కారు గంట తిరక్కుండా మంచులో వుంటుంది.

ఆ ప్రాంతాన్ని తారాంతేజ్ లోయ అంటారు. పైనున్న కనుమలు చలికాలమంతా మంచుతో మూసుకుపోతాయి. అందుచేత ఆ లోయ ఒకటే గుమ్మమున్న ఇల్లు లాంటిది. పైగా అక్కడి బసలు చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా అద్దెకిస్తారు గనక, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒకే రోజున ఆ గుమ్మంలో ఎదురుపడతారు. 2014 డిసెంబరు 27 శనివారమే. ఆ రోజు మంచు విపరీతంగా కురిసింది. తగిన టైర్లు లేని కార్లు జారి అడ్డం తిరిగాయి. వాటి వెనక మిగతావన్నీ నిలిచిపోయాయి. మంచు తోసే బండ్లకు కూడా దారి లేకపోయింది. సుమారు 15,000 మంది ఆ రాత్రి కార్లలోనూ, ప్రభుత్వం తెరిచిన వసతి గృహాలలోనూ గడపవలసివచ్చింది.

టైరు వల్ల ఇంత చిక్కా? అవును మరి. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కన్న తక్కువ చలిలో బిరుసెక్కి నేలను పట్టుకోదు. చలికాలపు టైరుకు వాడే రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా వుంటుంది. దాని మీద సన్నని కోతలు బోలెడుంటాయి. అవి మంచును అంచులతో కరిచి పట్టుకుంటాయి. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు — ఈ గుర్తు టైరు పక్కన వున్నదేమో చూడటం పిల్లలు చెయ్యగల పనే. 2021 నవంబరు 1 నుంచి పర్వత ప్రాంతాలలో నిర్ణయించిన చోట్ల, నవంబరు మొదలు మార్చి ఆఖరు దాకా, నాలుగు చక్రాలకూ ఇలాటి టైర్లయినా వుండాలి, లేదా కారులో మంచుగొలుసులయినా వుండాలి అని చట్టం వచ్చింది.

గొలుసులను ఇంజను తిప్పే చక్రాలకు తగిలించాలి. కొన్ని కార్లకవి ముందు చక్రాలు, కొన్నింటికి వెనకవి. నీలపు గుండ్రని పలక మీద గొలుసు చుట్టిన చక్రం బొమ్మ కనిపిస్తే, గొలుసులు తగిలించి తీరాలి. చలికాలపు టైర్లున్నా చాలునని కింద ఇంకో పలక వుంటే తప్ప. తగిలించాక 50 కిలోమీటర్ల వేగం దాటరాదు. బుద్ధిమంతులు ఇంటి వాకిట్లోనే, పొడి నేల మీద, చేతితొడుగులు వేసుకుని ఒకటి రెండుసార్లు తగిలించి చూసుకుంటారు. చీకట్లో, గాలిమంచులో, పెట్టె మీద రాసినది చదువుకుంటూ నేర్చుకునే విద్య కాదిది!

ఇక ఇంధనం. చలికాలంలో సీసాలోని కొబ్బరినూనె పేరుకోవటం మీరు చూసే వుంటారు. గట్టి చలిలో డీజిలులోని మైనం కూడా అలాగే పేరుకుని, వడపోత గుడ్డను మూసేస్తుంది. ఇంజను ఆగిపోతుంది. అందుకే పర్వతాల దగ్గర అధిక చలికి తట్టుకునే డీజిలు ప్రత్యేకంగా అమ్ముతారు; ట్యాంకు అక్కడ నింపుకోవటం మేలు. నీరు గడ్డకడితే పరిమాణం దాదాపు పదకొండో వంతు పెరుగుతుంది. కనక ఇంజను చల్లబరిచే నీటిలోనూ, అద్దం కడిగే నీటిలోనూ గడ్డకట్టనివ్వని ద్రవం కలుపుతారు. చలికి బాటరీ శక్తి కూడా తగ్గుతుంది, దాన్నీ పరీక్ష చేయించాలి. విద్యుత్తుతో నడిచే కారైతే ఒక్కసారి నింపిన విద్యుత్తుతో మామూలంత దూరం పోదు. మధ్యలో మరొక మజిలీ లెక్క వేసుకోవాలి.

తల్లిదండ్రులు కూడా పొరబడే సంగతి ఒకటున్నది. చలి కదా అని పిల్లలకు దళసరి కోటు తొడిగి, దాని మీదనే కారు పట్టీ బిగిస్తారు. ప్రమాదంలో కోటులోని దూది అణిగిపోతుంది. పట్టీ వదులై బిడ్డ జారిపోవచ్చు. కోటు విప్పి, పట్టీ ఒంటికి బిగించి, పైన దుప్పటి కప్పాలి. స్కీలు కూడా మనుషుల మధ్య పెట్టరాదు. కారు కప్పు మీది పెట్టెలో పెట్టి తాళం వేయాలి.

దుప్పట్లు, మంచినీళ్ళు, తినుబండారాలు, చేతిదీపం, చిన్న పార — ఇవి అడుగున వేయకుండా పైన పెట్టుకోండి. దారిలో దిగవలసివస్తే వేసుకునే మెరుపు చొక్కా సామాన్ల పెట్టెలో కాక చేతికందే చోట వుండాలి. మంచులో చిక్కుపడి, వెచ్చదనం కోసం ఇంజను నడిపితే, ముందు పొగగొట్టం చుట్టూ మంచు తవ్వెయ్యాలి. లేకపోతే కార్బన్ మోనాక్సైడు కారులోకి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణం మాత్రం తీస్తుంది.

ఏ రోజున బయలుదేరాలో చెప్పటానికి ఫ్రాన్సులో బిజోన్ ఫ్యుతే అనే ప్రభుత్వ సమాచార శాఖ 1976 నుంచి వున్నది. ఆ పేరుకు జిత్తులమారి అడవిదున్న అని అర్థం! అది రోజులకు రంగులు వేస్తుంది: ఆకుపచ్చ అయితే దారి సుగమం, నారింజ, ఎరుపు, నలుపు — వరసగా రద్దీ ఎక్కువ. సెలవుల శనివారాలకు ఆకుపచ్చ దొరకటం కష్టమే. వీలైతే ఆదివారం నుంచి ఆదివారానికి బస కుదుర్చుకున్నవాళ్ళు హాయిగా పోతారు.

పైకి చేరాక, స్కీల కోసం పరుగెత్తే ముందు నాన్నకు రెండు విషయాలు జ్ఞాపకం చెయ్యండి. చేతిబ్రేకు వేసి వుంచితే అది రాత్రికి రాత్రి గడ్డకట్టి వదలకపోవచ్చు. కనక చదునైన చోట కారును గేరులో నిలిపి, చక్రం కింద అడ్డు పెట్టాలి. అద్దం తుడిచే పుల్లలను పైకెత్తి వుంచాలి, లేదంటే తెల్లవారేసరికి అవి అద్దానికి అతుక్కుపోతాయి.