కంఠతాకు లొంగని ప్రశ్న

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్చుకున్నవాళ్లెవర్ని నిద్రలో లేపి అడిగినా, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసుకీ ఇంటర్‌ఫేసుకీ తేడా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. ఇంటర్వ్యూలో అది వస్తుందని తెలుసు కాబట్టి బట్టీ పట్టి ఉంటారు. తప్పు వాళ్లది కాదు, ఏళ్లుగా అదే అడుగుతున్నవాళ్లది. ఆ జవాబు వల్ల జ్ఞాపకశక్తి తెలుస్తుందే గానీ, రేపు కోడ్ రాయగలరో లేదో తెలియదు.

పొడుపుకథలూ అంతే. మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుందన్న ప్రశ్న మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూల పేరుతో లోకమంతా పాకింది. గూగుల్‌లో సిబ్బంది వ్యవహారాలు చూసిన లాస్లో బాక్ 2013లో న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ, ఇలాంటివి పూర్తిగా కాలయాపన అనీ, అడిగేవాళ్లకు తాము తెలివైనవాళ్లమన్న తృప్తి ఇవ్వడానికే పనికొస్తాయనీ తేల్చేశారు.

మరి ఏమడగాలి? మంచి ప్రశ్న ఊరి చెరువులా ఉండాలి. ఒడ్డున మోకాలి లోతే కాబట్టి ఎవరైనా దిగగలరు. లోపలికి నడిచేకొద్దీ ఎవరికి ఎంత ఈత వచ్చో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అక్షర క్రమంలో ఉన్న జాబితాలో ఒక పేరు వెతకాలి. నిఘంటువులో మాట వెతికినట్టే సరిగ్గా మధ్యకు వెళ్తాం. కావలసిన పేరు అంతకన్నా ముందుంటే వెనక సగాన్ని, తర్వాతుంటే ముందు సగాన్ని వదిలేస్తాం. పది లక్షల పేర్లున్నా 20 సార్లు చూస్తే చాలు. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. వినడానికి ఇంత తేలికా! కానీ వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లకు రెండు గంటల సమయమిచ్చి దీన్నే రాయమంటే, 90 శాతం మంది కోడ్‌లో తప్పులు దొర్లాయని జాన్ బెంట్లీ తన ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ పుస్తకంలో చెప్పారు.

ఆ పుస్తకంలో బెంట్లీ ఇచ్చిన కోడ్‌లోనూ ఒక తప్పుంది. మధ్య స్థానం కోసం మొదటి, చివరి స్థానాల అంకెలను కూడి సగం చేస్తాం కదా. రుణసంఖ్యలూ పట్టే 32 బిట్ల పూర్ణాంకంలో 2147483647 దాటి పట్టదు. జాబితా మరీ పెద్దదైతే ఆ కూడిక హద్దు దాటి రుణసంఖ్యగా మారిపోతుంది. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. బెంట్లీ శిష్యుడు జాషువా బ్లాక్ జావా లైబ్రరీ కోసం రాసిన కోడ్‌లో ఇదే తప్పు తొమ్మిదేళ్లపాటు దాగి ఉంది. 2006లో ఆయనే దాన్ని అందరికీ విడమరచి చెప్పారు. చివరి స్థానంలోంచి మొదటిది తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి మొదటిదానికి కలిపితే చిక్కు వీడుతుంది.

ఇది చదివి రేపు ఎవరైనా ‘ఓవర్‌ఫ్లో తెలుసా’ అని అడిగితే మళ్లీ కథ మొదటికే వస్తుంది. తెలియకపోతే హద్దు ఎంతో మనమే చెప్పాలి. చెప్పాక వాళ్లు కోడ్‌లో ఆ వరుసను పట్టుకుంటారా, ఎలా సరిదిద్దుతారు అన్నదే చూడాల్సింది. ఒక సూచన అందుకుని ముందుకెళ్లడం ఉద్యోగంలో రోజూ చేసే పనే.

తర్వాత మెల్లగా లోతుకు తీసుకెళ్లవచ్చు. జాబితా ఖాళీగా ఉంటే? పేరే లేకపోతే? వెంకటేశ్వరరావులు పదిమంది ఉంటే ఎవర్ని చూపిస్తారు? శ్రీనివాస్‌ను ఒకరు శ్రీనివాసు అని నమోదు చేస్తే? ఇవేవీ బట్టీకి దొరకవు. అభ్యర్థి ఆలోచిస్తుంటే మధ్యలో మాట్లాడకండి. ఆ మౌనం మనకు ఇబ్బందిగా ఉంటుంది, వాళ్లకు అవసరం. అడిగే ముందు అదే ప్రశ్నను మీరూ గడియారం పెట్టుకుని కాగితంపై చేసి చూడండి. నలభై నిమిషాలు మీకే చాలకపోతే, ఎదుటి మనిషికి ఇరవై ఇవ్వడం అన్యాయం.

ఇంకొకటి. కోడ్ మొదలుపెట్టకముందే అభ్యర్థి, “ఏమండీ, ఈ జాబితా అక్షర క్రమంలోనే ఉందని మనకు ఎవరు చెప్పారు?” అని తిరిగి అడిగారనుకోండి. ఆ మాటను మీ కాగితంలో అన్నిటికన్నా పైన రాసుకోండి.