రాధామనోహరం

రాధామనోహరం ఒక ఎగబ్రాకే పూల తీగ. దీని శాస్త్రీయ నామం కాంబ్రీటమ్ ఇండికమ్. పాత వృక్షశాస్త్ర గ్రంథాలలో క్విస్‌క్వాలిస్ ఇండికా అనే పేరుతో కనిపిస్తుంది. ఇది కాంబ్రిటేసి కుటుంబానికి చెందినది. కరక, తాని, తెల్లమద్ది, వీధుల్లో నీడనిచ్చే నాటు బాదం కూడా ఈ కుటుంబంలోనివే. ఉష్ణమండల ఆసియా దీని జన్మస్థానం.

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్, వనస్థలిపురం కాలనీలలో ప్రహరీగోడల మీద, గేటు పైన కట్టిన ఇనుప కమానుల మీద ఈ తీగను పెంచుతారు. ఈ ప్రాంతంలో పలు జిల్లాల వారు, పలు భాషల వారు కలిసి ఉండడం వలన ఒకే వీధిలో ఒక ఇంటివారు రాధామనోహరం అన్న తీగనే పక్కింటివారు మధుమాలతి అంటారు. తమిళులు రంగూన్ మల్లి అంటారు. ఆంగ్లంలో రంగూన్ క్రీపర్, చైనీస్ హనీసకిల్ అనే పేర్లున్నాయి. కానీ ఇది మాలతి కాదు, మల్లె కాదు, హనీసకిల్ అంతకంటే కాదు. కనుక పేరును బట్టి కాక మొక్కను చూసి గుర్తించడమే మేలు.

గుర్తించే విధానం

అన్నిటికన్నా తేలికైన గుర్తు పువ్వు రంగు మారడం. మొగ్గ సాయంసంధ్య వేళ విచ్చుకుంటుంది. అప్పుడు పువ్వు తెల్లగా ఉండి మంచి సువాసన వెదజల్లుతుంది. మరునాటికి గులాబి రంగుకు, ఆ తరువాత ముదురు ఎరుపుకు మారి కిందికి వేలాడుతుంది. అందువలన ఒకే గుత్తిలో మూడు రంగుల పూలూ కనిపిస్తాయి. ఇవి మూడు తీగలు అల్లుకుపోయినవి కావు, అంటుకట్టినవీ కావు. రంగు తేడా కేవలం పువ్వు వయసును తెలుపుతుంది. తెల్లని పూల వద్దకు రాత్రివేళ పొడవైన తొండం గల చిమ్మటలు వస్తాయి. రంగెక్కిన పూల వద్దకు పగటిపూట తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి.

రెండవ గుర్తు పూకాడ. నిజానికి కాడలా కనిపించేది సన్నని ఆకుపచ్చని గొట్టం. ఇది సుమారు 5 నుండి 7 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని చివర ఐదు రెక్కలు పరచుకొని ఉంటాయి. రెక్క రకమే కాక, ఎక్కువ రేకులు గల ముద్ద రకాన్ని కూడా ఇళ్ళలో పెంచుతున్నారు. ముద్ద రకంలో రేకులు లెక్కపెట్టి ప్రయోజనం లేదు, గొట్టాన్నే చూడాలి.

పూలు లేని కాలంలో ఆకులను, కాండాన్ని పరిశీలించాలి. ఆకులు సరళపత్రాలు, కణుపు వద్ద ఎదురెదురుగా ఉంటాయి, కొన మొనదేలి ఉంటుంది. లేత కొమ్మలపై గోధుమ రంగు నూగు ఉంటుంది. ఆకు రాలినా తొడిమ అడుగుభాగం కాండంపై మిగిలి గట్టిపడి ముల్లులా తయారవుతుంది. తీగ ఎగబ్రాకడానికి ఈ మొనలే ఊతం. కత్తిరించేటప్పుడు చేతికి గుచ్చుకునేవి కూడా ఇవే. ఆకు తుంచితే పాలు కారవు.

పోలికగల తీగలు

ఈ చివరి గుర్తుతోనే మాలతిని వేరు చేయవచ్చు. మాలతి గన్నేరు కుటుంబానికి చెందిన తీగ, తుంచితే పాలు కారుతాయి, పూలు తెల్లగానే ఉంటాయి. జాజి ఆకు చిన్న చిన్న పత్రకాలుగా చీలి ఉంటుంది. జపాను హనీసకిల్ పువ్వు రెండు పెదవులుగా చీలి, తెలుపు నుండి పసుపుకు మారుతుందే కాని ఎర్రబడదు.

ఎక్కువ పొరపాటు మాధవీలత విషయంలో జరుగుతుంది. కాళిదాసు శాకుంతలంలో వచ్చే మాధవి ఇంటి గేటు మీద ఉన్న ఈ తీగే అని చాలామంది అనుకుంటారు. మాధవి పూరేకుల అంచులు కుచ్చులా చీలి ఉంటాయి, ఒక రేకుపై పసుపు మచ్చ ఉంటుంది. కాయకు మూడు రెక్కలుంటాయి. రాధామనోహరం కాయకు ఐదు పలకలుంటాయి.

పేరు

క్విస్‌క్వాలిస్ అనే మాటకు లాటిన్‌లో "ఎవరు? ఎలాంటిది?" అని అర్థం. 17వ శతాబ్దంలో అంబోన్ దీవిలో పనిచేసిన రంఫియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. "ఉదాని" అనే మలయ్ పేరు, "ఎలాంటిది" అనే అర్థమిచ్చే డచ్చి మాటలా ధ్వనించడం దీనికి కారణమని చెబుతారు. రూపం మార్చే తీగ కనుక ఆ పేరు తగినట్టే ఉంది. 1762లో లిన్నేయస్ దీనినే శాస్త్రీయ నామంగా స్వీకరించాడు.

గింజలు

చైనా సంప్రదాయ వైద్యంలో ఈ గింజలను కడుపులోని ఏలిక పాములు పోవడానికి వాడతారు. వీటిలో క్విస్‌క్వాలిక్ ఆమ్లం ఉంది. ఇది నాడీకణాలను తీవ్రంగా ఉత్తేజపరచే పదార్థం. మోతాదు మించితే ఎక్కిళ్ళు, వాంతులు, తలతిరుగుడు కలుగుతాయి. మాలతి గురించో మాధవి గురించో ఆయుర్వేద గ్రంథంలో చదివిన చికిత్సను, మధుమాలతి అనే పేరు విని ఈ మొక్కతో చేయరాదు. ఇళ్ళ ముందరి తీగలకు కాయలు అరుదుగా కాస్తాయి. కాసినచోట, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇంట్లో, ఎండిన కాయలను ఏరి పారవేయాలి.