ప్రొద్దు గ్రుంకని లోకము

మేమాసాంతమున రాత్రి పది గంటల ప్రాంతమున నల్లగొండలోగాని మహబూబ్‌నగరులోగాని గుట్టపై నిలిచి దక్షిణమునకు జూచినచో, దిగంతమునకు 12 డిగ్రీల యెత్తున నొక ప్రకాశమానమగు నక్షత్రము గానవచ్చును. అది ఆల్ఫా సెంటారి. అది జంట నక్షత్రమని 1689లో పుదుచ్చేరినుండి రిషో అను జెసూటు ఫాదిరి కనిపెట్టెను. ఈ జంటకు మూడవ తోడు ప్రాక్సిమా. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గఱి నక్షత్ర మిదియే. దగ్గఱి యనినను 40 లక్షల కోట్ల కిలోమీటర్లు! చిన్నదియు నెఱ్ఱనిదియు నగుటచే దూరదర్శిని లేక కానరాదు.

2016లో దీని చుట్టు నొక గ్రహము తిరుగుచున్నదని తెలిసినది. దానిని కన్నులార జూచినవారు లేరు. మనుష్యుడు నడచునంత వేగముతో నక్షత్రము ముందునకును వెనుకకును నూగుటను చిలీ దేశమందలి దూరదర్శినితో గొలిచి, దానిని లాగు గ్రహ మొకటి గలదని నిశ్చయించిరి. ఈ కొలతయే నాకు గ్రహముకంటె నాశ్చర్యకరముగ దోచుచున్నది.

ప్రాక్సిమా వెలుగు సూర్యుని వెలుగులో సుమారు 600వ వంతు. అయినను గ్రహము 75 లక్షల కిలోమీటర్ల దూరముననే యుండుటచే, మనకు వచ్చు వేడిలో ఇంచుమించు మూడింట రెండువంతులు పొందుచున్నది. చలికాలమున చిన్న కుంపటిని దగ్గఱకు లాగికొన్నవాని వంటిది. దాని సంవత్సరము 11 దినములు.

ఈ దగ్గఱితనమునకు ఫలమొకటి గలదు. గానుగ యెద్దు ఎన్ని చుట్లు తిరిగినను గానుగకు నొక ప్రక్కనే చూపును. చంద్రుడును మన కొక ముఖమునే చూపును. గ్రహముయొక్క దగ్గఱి ప్రక్కను నక్షత్రము ఎక్కువగను, దూరపు ప్రక్కను తక్కువగను లాగుటచే గ్రహ మించుక సాగి ఉబ్బును. గ్రహము వేగముగ దన చుట్టు తాను తిరుగుచుండినచో, ఆ యుబ్బును నక్షత్రము వెనుకకు లాగుచు, కాలక్రమమున భ్రమణమును మందగింపజేయును. తుద కొక వైపు నిత్యము పగలు, రెండవ వైపు నిత్యము రాత్రి, నడుమ సంధ్యవంటి సన్నని పట్టె.

అట్టిచోట నీరు నిలుచునా? అది గాలిపై నాధారపడును. దట్టమైన గాలియున్న వేడిని చీకటివైపునకు మోసికొనిపోవును. లేకున్న ఆ వైపున నీరు గడ్డకట్టి యుండిపోవును. 49 కాంతి సంవత్సరముల దూరమున నున్న ఎల్.హెచ్.ఎస్. 3844 బి అను గ్రహమును 2019లో పరీక్షింపగా, పగటివైపు సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి యుండెను గాని, ఆ వేడి రాత్రివైపునకు జేరిన జాడ కానరాలేదు. అందు దట్టమైన గాలి లేదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ప్రాక్సిమా గ్రహమునకు గాలి యున్నదో లేదో ఇంకను తేలలేదు. ఆ నక్షత్రము తఱచుగ వెదజల్లు జ్వాలలు గాలిని ఊడ్చివేయజాలును.

అది ఒకే ముఖము చూపుననుటయు ఊహయే, ప్రత్యక్షముగ గొలిచినది కాదు. బుధగ్రహము సూర్యుని రెండుమార్లు చుట్టునప్పటికి దన చుట్టు తాను మూడుమార్లు తిరుగును. ప్రాక్సిమా గ్రహమును అట్లే తిరుగుచుండినచో, అచ్చట పగలు మన 11 దినములు, రాత్రి మఱి 11 దినములు నగును.